అక్క సర్కారు బడికి, తమ్ముడు కాన్వెంటుకి

మొన్న మా వీధి చివరి జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లాను. పదో తరగతిలో ఆడపిల్లల బెంచీలు కిటకిటలాడుతున్నాయి. మగపిల్లల వైపు సగం ఖాళీ. "అబ్బాయిలేరండీ?" అంటే టీచరుగారు నవ్వి, "పసుపు బస్సెక్కి వెళ్లిపోయారు కదండీ!" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. కొడుకు ఫీజుకి అప్పయినా చేస్తాం. కూతురి దగ్గరకొచ్చేసరికి "పెళ్లికి దాచాలిగా" అంటాం. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మ ఒడి సాయమూ తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే అందేది. 2025లో తల్లికి వందనం వచ్చాకే రెండో బిడ్డా లెక్కలోకొచ్చింది.

మరి అమ్మాయిలు తీసిపోయారా? 2025 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం మొత్తమ్మీద ఆడపిల్లలు 84.09 శాతం, మగపిల్లలు 78.31 శాతం పాసయ్యారు. వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, తమ్ముణ్ణి బస్సెక్కించాక పుస్తకం తెరిచే పిల్లలూ వీళ్లలో ఉన్నారు.

సర్కారు బడికి పంపడం తప్పని నేననను. ఇద్దర్నీ పంపితే మరీ మంచిది. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు కొలతలైతేనే నా పేచీ. అమ్మలూ, పది పాసవగానే "ఇక చాల్లే" అనకండి. ఇన్నేళ్లూ మిగిలిన ఆ ఫీజు డబ్బు అమ్మాయి కాలేజీకి తీసిపెట్టండి. అది మనం దానికి పడ్డ బాకీ.