కర్కాటకంలో ఒక మసక చుక్క

పేపరు రాగానే మా హాస్టల్లో చాలామంది ముందు తిరగేసేది రాశిఫలాల పేజీ. కర్కాటకం వారికి ధనలాభమా, వృథా ప్రయాణమా అని చదివి నవ్వుకుంటాం. పరీక్షల ముందైతే కొందరం నమ్ముతాం కూడా. అదే కర్కాటక రాశిని ఆకాశంలో చూపించమంటే మాలో నలుగురికైనా చేతకాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మార్చి నెలలో రాత్రి భోజనాలయ్యాక డాబా ఎక్కితే ఆ రాశి దాదాపు నడినెత్తిన ఉంటుంది. అందులో 55 కాంక్రి అనే నక్షత్రం ఉంది. మన సూర్యుడి లాంటిదే, కాస్త చిన్నది. సుమారు 41 కాంతి సంవత్సరాల దూరం. కటిక చీకటిలో, చూపు చురుకైనవారికే లీలగా కనబడుతుంది. ఈ మసక చుక్క చుట్టూ ఐదు గ్రహాలు తిరుగుతున్నాయి. మొదటిది 1996లో బయటపడితే, ఐదోది 2007లో తెలిసింది. సూర్యుడు కాక మరో నక్షత్రానికి ఐదు గ్రహాలున్నట్టు తెలియడం అదే మొదటిసారి. వాటిని ఎవరూ కంటితో చూసి కనిపెట్టలేదు. గ్రహాలు లాగుతుంటే నక్షత్రం అటూ ఇటూ కొద్దిగా ఊగుతుంది. ఆ ఊగడాన్నే ఏళ్ల తరబడి కొలిచి లెక్క కట్టారు.

ఆ లెక్కలో ఒక తప్పు దొర్లింది. 2004లో దొరికిన గ్రహం 2.8 రోజులకొక చుట్టు తిరుగుతుందని ప్రకటించారు. 2010లో హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థిని అయిన రెబెకా డాసన్, డేనియల్ ఫాబ్రికీతో కలిసి పాత కొలతలనే మళ్లీ పరిశీలించారు. టెలిస్కోపు రాత్రిపూటే చూడగలదు. రోజుకొకసారి మాత్రమే చూసేవాడికి, ఒక చుట్టు పూర్తిచేసి పైన మరో మూడోవంతు తిరిగినవాడు కూడా మూడోవంతే తిరిగినట్టు కనిపిస్తాడు. ఇక్కడ జరిగిందీ అదే. అసలు చుట్టుకు పట్టేది 18 గంటల లోపేనని వారు తేల్చారు. 2011లో ఆ గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటడాన్ని గమనించినప్పుడు వారి లెక్కే నిజమైంది.

స్కాలర్‌షిప్పు కోసం, ఉద్యోగం కోసం ఎదురుచూసే మనకు చుక్కలెందుకు అని కొందరు అడగవచ్చు. హార్వర్డ్ ఎక్కడ, మనమెక్కడ అనీ అనవచ్చు. నిజమే. కానీ ఆ తప్పు దిద్దడానికి కొత్త టెలిస్కోపు కట్టలేదు. అచ్చయిన అంకెను "ఇది నిజమేనా?" అని అడిగారు, ఓపికగా లెక్క చేశారు. ఆ ప్రశ్నకు ఫీజు లేదు. మరి మనం చేస్తున్నదేమిటి? స్టడీ అవర్లో తమ్ముడు "ఎందుకు?" అని అడిగితే, "గైడులో ఉంది, బట్టీ పట్టు" అంటున్నాం. ఇందులో వేరెవరి తప్పూ లేదు, ఈ అలవాటు మనదే. దీన్ని మనమే మానుకోవాలి.

నెలకొక అమావాస్య రాత్రి డాబా మీద దీపాలు ఆర్పి, గంటసేపు ఆకాశం చూద్దామన్నది మా ప్రతిపాదన. పూర్వ విద్యార్థులైన అన్నలు మా లైబ్రరీకి ఒక బైనాక్యులర్, ఒక నక్షత్ర పటం ఇప్పిస్తే చాలు. ఆ మసక చుక్క అందులో తేలిగ్గానే దొరుకుతుంది. రాశిఫలాల పేజీ మన భవిష్యత్తు తనకు తెలుసంటుంది. ఆ చుక్క మాత్రం లెక్క సరిచూసుకొమ్మంటుంది. మేము రెండోదాని మాటే వినదలచుకున్నాం.