చీకటిలో చిన్న దీవి

2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాల్లో విద్యుత్ వ్యవస్థ ఒక్కసారిగా కుప్పకూలింది. 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతంలో సరఫరా స్తంభించింది.

అంతకు ముందటి ఏడాది మార్చి 11న జపానులో మహాభూకంపం సంభవించినప్పుడు సెందాయ్ నగరమూ చీకటిలో మునిగింది. కాని అక్కడి తొహోకు ఫుకుషి విశ్వవిద్యాలయంలోని చిన్న విద్యుత్ వలయం నశించలేదు. మొదట బ్యాటరీలు, సౌర ఫలకాలు ఆదుకున్నాయి; మర్నాడు గ్యాస్ ఇంజన్లు తిరిగి నడిచి ఆసుపత్రికి వెలుగునిచ్చాయి.

ఇంటి కప్పుపై సౌర ఫలకాలున్నంత మాత్రాన ఈ భాగ్యం దక్కదు. బ్యాటరీ లేని సాధారణ ఏర్పాటు, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది; తీగలు బాగుచేసే కార్మికుని ప్రాణరక్షణకే ఆ కట్టుబాటు. చీకటిలోనూ వెలగాలంటే బ్యాటరీ, ప్రధాన లైను నుంచి విడివడే సాధనం, ఉత్పత్తినీ వాడకాన్నీ సరితూచే యంత్రం కావాలి. ఒక్క ఇంటికి ఇది భారం. పేటంతా కలిస్తే ఆసుపత్రికీ నీటి పంపుకూ ఆసరా.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కోటి ఇళ్ల కప్పులపై సౌర విద్యుత్తు లక్ష్యంగా పథకం ఆరంభించింది. కప్పులను లెక్కించేటప్పుడే, కరెంటు పోయిన రాత్రి వాటి కింద ఎన్ని దీపాలు వెలుగుతాయో కూడా లెక్కించాలి.