అమ్మానాన్నలకి నయాగరా చూపించేశారా? ఐతే పనైపోయినట్టే!

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళింటికి ఇండియా నించి అమ్మానాన్నలు వచ్చారంటే, వాళ్ళకి ఏమేం చూపిస్తారో చెప్పడానికి జాతకాలు చూడక్కర్లేదు. మొదటి వారం గుడి. రెండో వారం లిబర్టీ విగ్రహం. మూడో వారం వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ముందు ఫోటో. లాంగ్ వీకెండ్ ఎప్పుడొస్తే అప్పుడు నయాగరా. నీలం రంగు ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని పడవలో తడుస్తున్న ఫోటో ఒకటి వాట్సాప్ గ్రూపులో పడిందా, ఇంక కొడుకు ఋణం తీరిపోయినట్టే. కాశీకి తీసుకెళ్ళొచ్చినంత పుణ్యం!

నవ్వకండి, నేనూ ఆ బాపతే. నాలుగేళ్ళ క్రితం మా అత్తగారినీ మామగారినీ సరిగ్గా అలాగే తిప్పాను. ఈసారి మా అమ్మానాన్నల వంతు. మా ఆఫీసులో ఒకాయన, మన గుంటూరు జిల్లా ఆయనే, నా మీద అభిమానంతో ఒక ఎక్సెల్ షీటు పంపించాడు. శుక్రవారం రాత్రి ఎడిసన్‌లో బయల్దేరడం, దారిలో పులిహోర, శనివారం పొద్దున్న పడవ, మధ్యాహ్నం ఇండియన్ బఫే, రాత్రి రంగు లైట్లు, ఆదివారం సాయంత్రానికి ఇల్లు. దాదాపు 400 మైళ్ళు వెళ్ళడం, 400 మైళ్ళు రావడం. పక్కన "స్టేటస్" అని ఒక కాలమ్ కూడా ఉంది. చూసినవాటికి ఆకుపచ్చ రంగు వేసుకోవాలట!

మా వాడికి పదకొండేళ్ళు, బేస్‌బాల్ పిచ్చి. కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ మ్యూజియం చూపించమని రెండేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నాడు. మ్యాపులో దానికోసం వెతుకుతూ హోల్యోక్ అనే ఊళ్ళో వాలీబాల్ మ్యూజియం కూడా ఉందని వాడే పట్టుకున్నాడు. "తాత వాలీబాల్ ఆడేవాడని నువ్వే చెప్పావుగా" అన్నాడు. అవును, ఎప్పుడో చెప్పాను. ఆడేవారని తెలుసు. అంతవరకే తెలుసు. సరే, ఇంకో రెండు రోజులు సెలవు పెట్టి ఆ రెండిటినీ షీటులో కలిపాను.

మా గుంటూరాయన చూసి గుండెలు బాదుకున్నాడు. "మ్యూజియమా? అందులోనూ ఆటల మ్యూజియమా? పెద్దవాళ్ళకి ఏం బోధపడుతుందండీ! ఆ టైములో ఔట్‌లెట్ మాల్ కవరైపోయేది కదా!"

ఇదిగో, ఈ "కవర్" అన్న మాట మీదే నా గొడవంతా. మనం ఊళ్ళు చూడం, కవర్ చేస్తాం. బగ్గుల లిస్టులో టికెట్లు మూసేసినట్టు జలపాతాలు మూసేస్తాం. పోనీ మూసెయ్యండి, మీ సెలవు మీ ఇష్టం. కానీ ఆ షీటు తయారుచేసేటప్పుడు కారు వెనకసీట్లో కూర్చోబోయే మనుషుల్ని "మీకేం చూడాలనుంది?" అని ఒక్కసారైనా అడిగామా?

ఇక అసలు కథ. హోల్యోక్ మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒకప్పటి పేపరు మిల్లుల ఊరు. దానికి కాస్త దూరంలోనే స్ప్రింగ్‌ఫీల్డ్. అక్కడ 1891లో నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. అది కుర్రాళ్ళకి బానే ఉంది గానీ నడివయసు వ్యాపారస్తులకి ఆయాసం వస్తోందని, హోల్యోక్ వైఎంసీఏలో వ్యాయామం నేర్పే విలియం మోర్గాన్ 1895లో ఒక నెట్టుని ఆరడుగుల ఆరంగుళాల ఎత్తున కట్టి కొత్త ఆట తయారుచేశాడు. దానికి మింటోనెట్ అని పేరు పెట్టాడు. మరుసటేడు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆడి చూపించినప్పుడు అది వాలీబాల్ అయింది. అంటే కుర్చీకి అతుక్కుపోయి పొట్టలు పెంచినవాళ్ళ కోసం పుట్టిన ఆట. మనకోసమే అన్నమాట :-)

మ్యూజియం అంటే ఏదో ఊహించుకోకండి. పిల్లల మ్యూజియం ఉన్న భవనంలోనే ఓ పక్కన ఉంటుంది. అరగంటలో చూసెయ్యొచ్చు. మాకు రెండు గంటలు పట్టింది. ఎందుకంటే మా నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోయి "వాలీబాల్ ఇక్కడ పుట్టిందా? మన ఆటే అనుకున్నానురా ఇన్నాళ్ళూ!" అన్నారు. ఆ తర్వాత ఆ మనిషి నోరు ఆగలేదు. చెరువుగట్టు పక్క ఖాళీస్థలంలో రెండు తాటిమొద్దులు పాతి నెట్టు కట్టడం, ముగ్గుపిండితో గీతలు గియ్యడం, తను లిఫ్టర్‌గా బంతి లేపితే ఫలానా స్నేహితుడు స్మాష్ కొట్టడం, సైకిళ్ళ మీద ఇరవై మైళ్ళు వెళ్ళి టోర్నమెంటు ఆడి రాత్రికి రాత్రి తిరిగి రావడం... అప్పట్లో సర్వీసు మనదైతేనే పాయింటు, పదిహేను పాయింట్లకి గేము, సర్వీసు చేతులు మారుతూ గంటలు గడిచినా స్కోరు కదిలేది కాదని మా వాడికి చేతులూపుతూ చెప్తున్నారు. (ఆ పద్ధతిని 1990ల చివర్లో మార్చేశారు.) మా వాడు నోరు తెరుచుకుని విని "తాతా, ఐతే నువ్వు అథ్లెట్‌వా?" అన్నాడు. నాన్నగారు సిగ్గుపడి "ఆడేవాణ్ణిరా, అంతే" అన్నారు.

జిల్లా స్థాయిలో గెలిచారట. నాకు నలభై మూడేళ్ళు వచ్చాక తెలిసింది. "మరి సర్టిఫికెట్టు ఏది నాన్నా?" అనడిగాను. ఆయన ఏ కోపమూ లేకుండా, "నీ ఎంసెట్ ఫిజిక్సు పుస్తకానికి అట్టేశావు కదరా, దళసరిగా ఉందని" అన్నారు.

నిజమే. గుర్తొచ్చింది. వెనకవైపు ఖాళీగా ఉంటే ఫార్ములాలు కూడా రాసుకున్నాను. అప్పుడు ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఆయనతో సహా. ఎందుకంటే అది ఆటల కాయితం, నాది చదువు! గెలిచిన కప్పు మాత్రం స్కూల్లోనే ఉండేదట. కొత్త భవనం కట్టినప్పుడు పాత ఇనప సామాన్లతో కలిపి తూకానికి అమ్మేశారట. ఆ స్కూలు పేరు రాయను. రాసినా లాభం లేదు, మీ స్కూలు ఇంకోలా ఉందని మీరు గుండె మీద చెయ్యేసి చెప్పగలరా?

మర్నాడు కూపర్స్‌టౌన్. సరస్సు ఒడ్డున రెండు వేల జనాభా కూడా లేని పల్లెటూరు. 1939లో ఇక్కడ బేస్‌బాల్ మ్యూజియం పెట్టారు. తమాషా ఏంటంటే, దీన్ని ఇక్కడే ఎందుకు పెట్టారంటే 1839లో డబుల్‌డే అనే ఆయన ఈ ఊళ్ళోనే బేస్‌బాల్ కనిపెట్టాడని 1907లో ఒక కమిషన్ తేల్చింది కాబట్టి. అది శుద్ధ అబద్ధం! ఇప్పుడు ఆ మ్యూజియం వాళ్ళే అది కట్టుకథ అని ఒప్పుకుంటారు. నల్లవాళ్ళని పెద్ద లీగుల్లోకి రానివ్వని కాలం సంగతీ దాచలేదు. నీగ్రో లీగుల్లో ఎన్నో ఏళ్ళు ఆడిన సాచెల్ పేజ్‌ని 1971లో చేర్చుకున్నారు. మొదట ఆయన్ని వేరే విభాగంలో పెడదామనుకుని, జనం తిట్టాక అందరితోపాటే కూర్చోబెట్టారు. అంటే అబద్ధం మీద మొదలుపెట్టి కూడా నిజం వైపు నడవచ్చు. అసలంటూ మొదలుపెడితే!

మా వాడు అక్కడ హెన్రీ చాడ్విక్ గురించి చెప్పాడు. ఇంగ్లండులో పుట్టి, అమెరికా వచ్చి, క్రికెట్ వార్తలు రాసిన విలేఖరి. బేస్‌బాల్‌కి బాక్స్ స్కోరు తయారుచేసింది ఆయనే. ఆటగాడు కాదు, అయినా ఆయనకీ చోటుంది. ఎవరు ఎన్ని కొట్టారో వరుసగా రాసిపెట్టడమే ఆయన గొప్ప. పొద్దున్న లేస్తే డేటా, డేటా అని కలవరించే మనవాళ్ళకి ఈ ముక్క అర్థం కావాలి కదా?

"అమెరికావాళ్ళకి డబ్బుంది, చేశారు" అంటారు మీరు. నాకు తెలుసు అంటారని. అయ్యా, హోల్యోక్ ఇప్పుడు డబ్బున్న ఊరు కాదు, మిల్లులు మూతపడిన ఊరు. ఒక గోడ, కొన్ని ఫోటోలు, నాలుగు పాత బంతులు పెట్టడానికి ఎంతవుతుంది? మన సంఘాల సభల్లో ఒక్కపూట భోజనాల ఖర్చు కాదూ?

చెప్పుకోవడానికి మనకెవరున్నారు అంటారా? హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నించి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒక బడిపంతులు. ఆయన తయారుచేసిన భారత జట్టు 1951లో, 1962లో ఏషియాడ్ బంగారం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ కాలం ఆటగాడే. 2024లో బొంబాయివాళ్ళు మైదాన్ అని సినిమా తీసేదాకా రహీం పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలీదు. హైటెక్ సిటీలో ఎనిమిదేళ్ళు పనిచేశాను, ఊరికొచ్చిన ప్రతి చుట్టాన్నీ సాలార్‌జంగ్ గడియారం దగ్గర నిలబెట్టాను. మన ఆటల గురించి చూపించడానికి ఏముందని ఏ ఒక్కరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఆఖరికి నయాగరా. గొప్పగా ఉంది, కాదనను. నాన్నగారు "సాగర్ గేట్లన్నీ ఒకేసారి ఎత్తినట్టుందిరా" అన్నారు. ప్రతి తెలుగు తండ్రీ అక్కడ అనే మాటే అది :-) కానీ ఆ రెయిలింగు దగ్గర ఉచితంగా నిలబడగలగడం ప్రకృతి ఇచ్చిన వరం కాదని మీకు తెలుసా? ఒకప్పుడు ఆ ఒడ్డంతా ప్రైవేటు మనుషుల చేతిలో ఉండేది. కంచెలు కట్టి, చూడ్డానికి డబ్బులు గుంజేవాళ్ళు. ఏళ్ళ తరబడి జనం పోరితే 1885లో న్యూయార్క్ రాష్ట్రం ఆ స్థలాలు కొని అందరిదీ చేసింది. నీళ్ళ సంగతీ అంతే. 1950లో అమెరికా, కెనడా రాసుకున్న ఒప్పందం ప్రకారం పర్యాటకులొచ్చే కాలంలో పగలు సెకనుకి కనీసం లక్ష ఘనపుటడుగులు జలపాతం మీదకి వదలాలి, రాత్రుళ్ళూ చలికాలంలోనూ యాభై వేలు చాలు. మిగతాది కరెంటుకి. జలపాతం కూడా ఎవరో పట్టుబట్టి నిలబెడితేనే మనదాకా వచ్చింది. ఆటైనా అంతే, మనిషైనా అంతే. దానంతటదే ఏదీ మిగలదు.

అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు మా ఆవిడ ఊరికే "అత్తయ్యా, మీరేమైనా ఆడేవారా?" అని అడిగింది. అమ్మ హైస్కూల్లో టెన్నీకాయిట్, అదే రింగాట, ఆడేదట. తాలూకాలో ఫస్టట! పెద్దమనిషయ్యాక మాన్పించేశారట. నాన్నగారికీ ఆ సంగతి తెలీదు. నలభై ఐదేళ్ళ కాపురం!

ఇప్పుడు మా వాడి సంగతి. వచ్చే ఏడు నించి శనివారాలు మ్యాథ్స్ కోచింగులో పడేసి బేస్‌బాల్ మాన్పిద్దామని నేనూ మా ఆవిడా జనవరిలోనే అనుకున్నాం. అడ్వాన్సు కూడా కట్టేశాం. ఆ డబ్బు తిరిగి రాదట. పోతే పోయింది.

నాతో ఏకీభవించకపోయినా ఫరవాలేదు, తిట్టేవాళ్ళు తిట్టండి. కానీ తిట్టేముందు ఒక్క పని చెయ్యండి. ఇవాళ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "భోంచేశారా, బీపీ మాత్రలు వేసుకున్నారా" అయ్యాక, "చిన్నప్పుడు ఏం ఆడేవారు?" అని అడగండి. చెప్పిందంతా పేర్లతో, ఊళ్ళతో సహా రాసిపెట్టండి. పాత ఫోటో ఉంటే స్కాన్ చెయ్యండి. మీ ఊరి స్కూలు పూర్వ విద్యార్థులు కంప్యూటర్లు దానం చేస్తున్నప్పుడు, దాంతోపాటు ఒక గోడ అడగండి, గెలిచిన పిల్లల పేర్లు రాయడానికి.

సోమవారం పొద్దున్నే మా గుంటూరాయన కాఫీ మెషీను దగ్గర అడిగాడు. "ఏంటండీ, అన్నీ కవరయ్యాయా?"

ఎక్కడండీ, ఇప్పుడే మొదలెట్టాం అన్నాను.