మొంథా వస్తోంది: నష్టం లెక్క పేట నుంచి మొదలుకావాలి

ఇది రాస్తున్న అక్టోబర్ 27, 2025 సోమవారం నాటికి మొంథా తుపాను బంగాళాఖాతంలో ఆంధ్ర తీరం వైపు కదులుతోంది. తీవ్ర తుపానుగా బలపడి మంగళవారం సాయంత్రం గానీ రాత్రి గానీ మచిలీపట్నం, కళింగపట్నం మధ్య కాకినాడ చుట్టుపక్కల తీరం దాటవచ్చని వాతావరణ శాఖ చెబుతోంది. గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కోసారి 110 వరకు ఉండొచ్చు. టీవీలన్నీ కాకినాడ వైపు చూస్తున్నాయి. ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి వైపు కూడా చూడమని మేం అడుగుతున్నాం.

ముందు ప్రమాదం సంగతి. మన సముద్రంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే అది తీరం దాటే చోటికి ఉత్తరం పక్క గాలి సముద్రాన్ని నేలమీదికి నెడుతుంది. దక్షిణం పక్క గాలి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబర్ 19న తుపాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది, దివిసీమ దానికి ఉత్తరం పక్కన పడింది. ఉప్పెన పాలకాయతిప్పను దాదాపు తుడిచిపెట్టింది. ఈసారి అంచనా నిజమైతే మన జిల్లా దక్షిణం పక్కన ఉంటుంది కాబట్టి ఉప్పెన భయం కొంత తక్కువ. కానీ దారి కాస్త దక్షిణానికి జరిగినా ఈ లెక్క మారుతుంది. అందుకే నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను తీర గ్రామాల వాళ్లు ఖాళీ చేయమంటే ఖాళీ చేయాల్సిందే.

ఘంటసాల ముప్పు వేరు. బౌద్ధ స్తూపం బయటపడ్డ ఈ ఊరు ఒకప్పుడు రేవు. డెల్టా పెరిగి సముద్రం దూరం జరిగింది. ఇప్పుడు మచిలీపట్నానికి పడమరగా ఇరవై కిలోమీటర్లకు పైగా లోపల ఉంది. ఇక్కడికి ఉప్పెన రాకపోయినా వాన నీరు బయటికి పోదు. డెల్టా నేల వాలు చాలా తక్కువ. సముద్రం పొంగినప్పుడు మురుగు కాలువలు దిగువన మూసుకుపోయినట్టే అవుతాయి, నీరు వెనక్కి తన్నుతుంది. గుర్రపుడెక్క, పూడిక ఉన్న కాలువైతే ఇంకా చెప్పక్కర్లేదు. సార్వా వరి చాలాచోట్ల పొట్ట మీద, ఈనిక మీద ఉన్న రోజులివి. గాలికి పడిపోయి నీట్లో నానితే గింజ తాలు పోతుంది.

మరి ఆ నీరు మొదట ఎవరి గడపలోకి వస్తుంది? డెల్టా ఊళ్లు చూసినవాళ్లకు జవాబు తెలుసు. మెరక మీద ఊరు, పల్లంలో పేట. మురుగు కాలువ గట్టున, పోరంబోకులో, చెరువు కింద మాలపేట, మాదిగపేట, యానాదుల గుడిసెలు. ఈ స్థలాలను తుపాను ఎంచుకోలేదు, కులం ఎంచింది.

హెచ్చరికలు మెరుగుపడిన మాట నిజం. 1864లో మచిలీపట్నం ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని అంటారు. 1977లో ప్రభుత్వ లెక్కే పది వేల దాకా చెప్పింది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర దాటిన భీకర తుపానులో, ముందే లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించడం వల్ల మరణాలు వెయ్యిలోపు ఆగాయి. ఉపగ్రహాలు, మచిలీపట్నం రాడార్, తుపాను షెల్టర్లు ప్రాణాలు కాపాడుతున్నాయి. ప్రాణం నిలిచాక బతుకు ఎలా నిలవాలన్న ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు లేదు.

ఎందుకంటే పరిహారం కాగితం వెంట నడుస్తుంది. పంట 33 శాతానికి పైగా పోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ. అది దున్నినవాడికి రావాలంటే కౌలు కార్డు ఉండాలి, ఈ-క్రాప్‌లో పేరు ఉండాలి. 2019 కౌలు చట్టం ప్రకారం కార్డు కోసం భూ యజమాని ఒప్పుకోవాలి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న యజమాని సంతకం పెట్టకపోతే పెట్టుబడి, అప్పు కౌలుదారువి, పరిహారం యజమానిది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను కోతకొచ్చిన వరినీ కోసిన పనలనూ తడిపినప్పుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది.

ఇళ్ల సంగతీ అంతే. కేంద్ర విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000. పైగా ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. తరాలుగా పట్టా ఇవ్వకుండా కాలువ గట్టున ఉంచిందీ ప్రభుత్వమే, పట్టా లేదని పేరు కొట్టేసేదీ ప్రభుత్వమే.

అందరికంటే తక్కువగా లెక్కకొచ్చేది కూలి మనిషి. చేను మునిగితే కోత కూలి పోయింది, ఆ తర్వాత మినుము పనులూ వెనక్కి పోయాయి. అదే నిబంధనల్లో, జీవనాధారం తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబంలో ఇద్దరు పెద్దలకు ఉపాధి హామీ కూలి రేటున రోజువారీ సాయం ఇవ్వొచ్చని ఉంది. ఈ ఏడాది మన రాష్ట్రంలో ఆ రేటు 307 రూపాయలు. అడిగేవాళ్లు లేక ఆ నిబంధన పుస్తకంలోనే ఉండిపోతోంది. పాతిక కేజీల బియ్యంతో సరిపెట్టడం ఆనవాయితీ అయింది.

శిబిరాల్లో ఏం జరుగుతుందో కూడా మనకు తెలియనిది కాదు. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో దళితులను శిబిరాల నుంచి, నీళ్ల ట్యాంకుల నుంచి దూరం పెట్టిన సంగతి హక్కుల సంఘాలు రికార్డు చేశాయి. విపత్తు నిర్వహణ చట్టం, 2005 సెక్షన్ 61 సహాయంలో, పరిహారంలో కుల వివక్షను నిషేధిస్తుంది. ఈ సెక్షన్‌ను ప్రతి విద్యార్థి గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి ఈ రాత్రి నుంచే చేయాల్సిన పనులున్నాయి. పేటలో గర్భిణులు, ముసలివాళ్లు, నడవలేనివాళ్ల పేర్లు రాసి సచివాలయంలో ఇవ్వండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఉన్నవాళ్లు పట్టా ప్లాస్టిక్ కవరులో కట్టుకోమని చెప్పండి. ఇల్లు, గొడ్డూ గోదా, సాగు చేస్తున్న చేను ఇప్పుడే తేదీ కనిపించేలా ఫొటో తీయండి. నీరు తగ్గాక తీసే ఫొటో పక్కన ఇది పెడితే అదే సాక్ష్యం. శిబిరంలో భోజనం, నీళ్లు, పడక వేరు చేస్తే తహశీల్దార్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.

ప్రభుత్వాన్ని మేం అడిగేవి నాలుగు. నష్టం నమోదు దళితవాడల నుంచి మొదలుకావాలి, జాబితా గ్రామసభలో చదివి వినిపించాలి. యజమాని సంతకం లేకపోయినా ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యంతో కౌలుదారు పేరు రాయాలి. పట్టా లేని గుడిసెకూ సాయం ఇచ్చి, మెరకలో స్థలం చూపాలి. కూలీలకు పనిదినాల నష్టం కట్టివ్వాలి.

గాలి ఒక రాత్రిలో పోతుంది. నష్టం రాసే అధికారి రెండు మూడు రోజుల్లో ఊళ్లోకి వస్తాడు. అతను మెరక మీది రోడ్డు నుంచే తిరిగి వెళ్లిపోకుండా పేటలోకి తీసుకురావాల్సింది మనమే.