బాయికాటు అనగా వెలియేనా?

మొన్న సాయంకాలము మా మనుమరాలు ఆంగ్లపదముల పట్టిక నొకదానిని ముందిడుకొని వల్లించుచుండెను. దినమునకు పది పదముల కర్థము నేర్చి, ఒక్కొక్క పదముతో నొక్కొక్క వాక్యము వ్రాసి పాఠశాలలో చూపవలెనట. "బాయికాటు అనగా వెలివేయుట, బహిష్కరించుట" అని రెండుమూడు మాఱులు చదివి, తాను వ్రాసిన వాక్యమును నాకు చూపినది. అన్యకులమువానిని పెండ్లాడినందులకు ఒక యువతిని ఊరివారందఱును బాయికాటు చేసిరని దాని తాత్పర్యము. ఉపాధ్యాయుడు ఒప్పని గుఱుతు పెట్టియుండెను. ఇంటివారు చక్కగా నున్నదని మెచ్చుకొనిరి. వ్యాకరణమున దోషము లేదు. నిఘంటువు నడిగినను తప్పనదు. అయినను ఆ వాక్యము చదివినంతనే నా మనస్సు చివుక్కుమన్నది.

"ఊరివారు ఆమెతో మాటలాడుట మానిరి. అది బాయికాటే కదా, తాతగారూ! తప్పేమున్నది?" అని పిల్ల యడిగెను. దాని ప్రశ్నకు నే నిచ్చిన సమాధానమునే చదువరుల యెదుట నుంచుచున్నాను.

బాయికాటు మొదట క్రియ కాదు, ఒక మనుష్యుని యింటిపేరు. 1880లో ఐర్లండు దేశమున మేయో మండలములో చార్లెసు కన్నింగుహాం బాయికాటు అను నాతడు ఎర్న్ ప్రభువను భూస్వామికి కార్యకర్తగా నుండి, రైతులవద్ద శిస్తులు వసూలు చేయుచుండెను. పంటలు చెడిన కాలమగుటచే రైతులు శిస్తులో నూటికి 25 వంతులు తగ్గింపుమని వేడిరి. ప్రభువు పదివంతులకు మించి తగ్గింపనన్నాడు. చెల్లింపలేనివారిని భూములనుండి వెడలగొట్టుటకు కార్యకర్త పూనుకొనెను. ఆ సెప్టెంబరు మాసముననే ఎన్నిస్ పట్టణమున పార్నెలు అను నాయకుడు, వెడలగొట్టబడినవాని పొలమును ఆక్రమించువానిని కొట్టవలదు, చంపవలదు, వానితో నెట్టి సంబంధమును పెట్టుకొనకుండిన చాలునని బోధించి యుండెను. మేయో రైతులు ఆ బోధను కార్యకర్తపై ప్రయోగించిరి. కూలీలు చేను విడిచిరి, సేవకులు ఇల్లు విడిచిరి, అంగళ్లవారు సరకు లమ్మమనిరి. వాని పంట కోయుటకు వేఱు మండలములనుండి 50 మందిని పిలిపించి, వారి రక్షణకు వేయిమంది వఱకు సైనికులను, రక్షకభటులను నిలుపవలసి వచ్చెను. 500 పౌనుల పంటకై పదివేల పౌనులు వ్యయమైనదని అంచనా వేసిరి. ఆ యేడు ముగియకమునుపే కార్యకర్త దేశము విడిచిపోయెను. వాని పేరు మాత్రము క్రియగా మాఱి, యూరపు భాషలనేకములలో నాటుకొన్నది.

ఇక మన దేశమునకు వత్తము. మఱుసటి సంవత్సరమే, అనగా 1881 డిసెంబరు 11వ తేదీని, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ శుభకార్యమునకు తోడ్పడినవారికి వెలి తప్పలేదు. మేయోలోను రాజమహేంద్రవరములోను పైకి కనబడు చేష్ట యొక్కటియే. రెండుచోట్లను మనుష్యులు మనుష్యులతో పొత్తు మానిరి. కాని అచ్చట బీదలు బలవంతుని విడిచిరి, ఇచ్చట బలవంతులు ఒంటరివారిని విడిచిరి. అచ్చట శిస్తు తగ్గించి, నోటీసులు మానుకొన్నచో వైరము తీరును. ఇచ్చట ఒక దిక్కులేని స్త్రీకి బ్రతుకిచ్చుటయే నేరము. తన మనస్సాక్షిని అమ్ముకొన్నగాని క్షమ లేదు.

మన భాషలో నీ రెంటికిని బహిష్కారమను నొక్కటే మాట నుంచితిమి. 1905లో వంగదేశమున విదేశవస్తు బహిష్కారము మొదలయ్యెను. 1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశము పర్యటించి ఆ బోధనే చేసిరి. ఆ మాట విని మన పెద్దలు ఉప్పొంగిరి. అంబేడ్కరుగారు 1924లో స్థాపించిన సభకును, 1927లో నడపిన పత్రికకును పేరులలో "బహిష్కృత" పదమునే యుంచిరి. అది ఉప్పొంగదగిన మాట కాదు; ఊరిబావి నీరు ముట్టనీయబడని కోట్ల జనుల గాయము పేరు. ఒకే మాట ఒక పుటలో ఆయుధము, మఱియొక పుటలో గాయము. ఈ భేదము తెలియనివానికి రెండుపుటలును తెలియనట్లే.

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. ఇప్పు డింగ్లీషులోనే సాంఘిక బాయికాటను ప్రయోగము కలదు కదా? దళితులపై అత్యాచారములను నిరోధించు 1989 నాటి చట్టము సవరణపొంది, 2016 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినపుడు, సాంఘిక, ఆర్థిక బాయికాటు నేరములలో చేర్పబడినది కదా? అయిన పిల్ల వ్రాసినది ఒప్పే కదా? ఔను, ప్రయోగము కలదు. నేనును దానిని కాదనను. కాని చట్టము ఆ మాటను వాడినది దోషమని చెప్పుటకు. పిల్ల వాక్యములో ఆ దోషము జాడయే లేదు. వాన కురిసెను, ఊరు వెలివేసెను అన్నట్లున్నది. తప్పుచేసిన దెవరో తెలుపని వాక్యమునకు ఒప్పు గుఱుతు పడినది. నా బాధ యంతయు నిదియే.

ఒక మాటకు ఒక మాట చొప్పున జోడించి కంఠస్థము చేయించు పద్ధతి పిల్లలను పండితులను చేయదు. తూకపురాళ్లవలె మాటలను మార్చుకొను వర్తకులను చేయును. క్రియావాచక మేది నేర్పినను మూడు ప్రశ్నలు తోడుగా నేర్పవలయును: ఎవరు చేసిరి? ఎవరికి చేసిరి? ఎందులకు చేసిరి? ఈ మూడును అడుగుటకు పెద్ద చదువు అక్కఱలేదు. వంటయింటిలో కూరగాయలు తరుగుచునే తల్లి యడుగవచ్చును. అడుగక, బిడ్డకు పది మార్కులు వచ్చినవని సంతోషించుచుంటిమేని, మనము నేర్పునది ఆంగ్లము కాదు, అన్యాయమును చూచియు చలింపకుండుట.

అంతయు విని మా పిల్ల ఆ వాక్యము కొట్టివేసి మఱియొకటి వ్రాసినది: "యువతిని వెలివేసిన పెద్దమనుష్యుని దుకాణమును ఊరి పడుచువారు బాయికాటు చేసిరి." వ్రాసి, "ఇట్లెక్కడనైన జరిగినదా, తాతగారూ?" అని నా మొగము చూచినది. మన యూళ్లలో నే నట్టిది చూచి యెఱుగను. మెచ్చుకొన్న యింటివారిలో నెవ్వరును నోరు మెదపలేదు.