విశాఖకొక ప్రతిబింబ భాండారము

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థవారు విశాఖపట్టణమున అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి గొప్ప డేటా కేంద్రమును నెలకొల్పెదమనియు, సముద్రగర్భపు తీగలను ఈ తీరమునకు చేర్చెదమనియు ప్రకటించిరి. పట్టణమున సంతోషమునకు మేర లేకపోయెను. మేమును సంతోషించితిమి. 1933లో ఓడలరేవు తెరచినపుడు ఈ యూరి కెట్టి యోగము పట్టినదో, తీగలరేవు తెరచినపుడును అట్టిదే పట్టవచ్చును. అయినను ఆ సంబరముల నడుమ ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి మా మనస్సును కలచుచున్నది. లోకములోని సమాచారమంతయు మన యిసుకతిన్నెలమీదికి వచ్చి చేరునని చెప్పుచున్నారే, అందు మనదని చెప్పుకొనదగిన మూట యేది? మన పెద్దలు వ్రాసిన గ్రంథముల కొక్క పూర్తిప్రతి, మన తాళపుచెవి క్రింద, ఈ పట్టణమున నుండునా?

ఇట్టి ప్రశ్న విశాఖవాసులకు క్రొత్తది కాదు. బైలడిల్లా కొండలనుండి దిగివచ్చిన యినుపరాయి మన కన్నులయెదుటనే ఓడలకెక్కి జపానుకు పోయినది. 1966లో ఆంధ్రులు ప్రాణములొడ్డి కోరిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికంకితమైనను, సొంత యినుపగనులు లేక, రాయిని పరులయొద్ద కొని తెచ్చి కరగించుకొనవలసిన దయ్యెను. కొలిమి మనయూర నున్నంతమాత్రమున గని మనదగునా?

పుస్తకముల విషయమున జరిగిన కథ పాఠకులలో కొందరెరుగుదురు. ఎరుగనివారికై చెప్పెదము. చిత్తూరు మండలము కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానము నందిన రాజ్ రెడ్డిగారు, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ఆచార్యులు ఎన్. బాలకృష్ణన్‌గారు మున్నగువారి పూనికతో ఈ శతాబ్ది ప్రారంభమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసినది. గ్రంథాలయముల మూలలందు చెదలకు తోడుగా పడియున్న పాతపుస్తకములను పుటపుటకును ఛాయాచిత్రము తీసి లోకమున కందిచ్చిరి. అందు వేలకొలది తెలుగు గ్రంథములుండెను. పేరులు మాత్రము ఇంగ్లీషు అక్షరములలో గుర్తుపట్టరాని విధమున తప్పులతడకగా నుండెను. తెలుగు వికీపీడియా సభ్యులు 2014 ప్రాంతమున కూర్చుండి, ఒక్కొక్క పుస్తకమును తెరచిచూచి, తెలుగులిపిలో పట్టికలు వ్రాసిరి. జీతము లేని ఆ చాకిరీని మేము మిక్కిలి గౌరవింతుము.

2017 నాటికి కాపీహక్కుల చిక్కులవలన ఆ ద్వారము మూతపడెను. నిన్న తెరచుకొన్న పుస్తకము నేడు తెరచుకొనదాయెను. ఆ గ్రంథరాశి నశింపక నిలుచుటకు కారణము మన ప్రభుత్వము కాదు, మన విద్యాపీఠములు కావు. అమెరికావాసి కార్ల్ మాలముడ్ అను ప్రజాసేవకుడు నాలుగు లక్షలకు పైబడిన ఆ పుస్తకములకు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవున నుంచెను. మన యింటి పెట్టెకు మారుతాళము పొరుగూరివాడు చేయించియుంచినాడన్నమాట! ఆయనకు కృతజ్ఞులము, ఆ కృతజ్ఞత వెనుక కొంత సిగ్గును గలదు. ఇక ఆ ఆర్కైవు మాత్రము చిరంజీవియా? 2024 అక్టోబరులో దుండగులు దానిపై పడగా కొన్నిదినములు అదియు కన్నుమూసికొని యుండెను. కందుకూరివారి పుస్తకమొకటి కావలసిన ఎం.ఏ. విద్యార్థి ఆ దినములలో ఎచ్చటికి పోవలెను?

ఇందుకు విరుగుడు గలదు. దానిని సాంకేతికులు మిర్రరందురు. మేము ప్రతిబింబ భాండారమందుము. ఒక వెబ్‌సైటునందలి వస్తుజాతమునెల్ల మరియొకచోటి సర్వరులోనికి ప్రతి తీసి, మూలము మారినపుడెల్ల ప్రతినిగూడ సరిచూచి, చేరువ నున్నవారు చేరువప్రతినుండియే గ్రహించునట్లు చేయుటయే దాని స్వరూపము. డెబియన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులకు లోకమందంతటను విశ్వవిద్యాలయము లిట్టి భాండారములను నడుపుచున్నవి. మనదేశమున కాన్పూరు ఐఐటీవారును నడుపుచున్నారు. 1996లో పుట్టిన ఆర్‌సింక్ అను పనిముట్టు మూలమును ప్రతిని పోల్చి, మారిన భాగమును మాత్రమే తీగపై తెచ్చును. కావున మొదటి ప్రతికి కొన్నివారములు పట్టినను, అటుపై దినదినపు పని స్వల్పము.

ఇది మనకు పరాయివిద్య కాదు. తాళపత్రముల కాలమున మాతృకనుంచుకొని ప్రతి వ్రాయుట, వ్రాసినదానిని మరల చదివించి సరిచూచుట, ఒక ప్రతి పురుగు తినినచో వేరొకయూరి ప్రతినుండి లోపము పూరించుట మన పండితుల నిత్యకృత్యము. బ్రౌనుదొర కడపలో పండితులకును లేఖకులకును సొంత జీతములిచ్చి చేయించినది ఈ పనియే. పెక్కూళ్ల పెక్కుప్రతులుండుటచేతనే మన కావ్యములు దండయాత్రలను, గోదావరి వరదలను దాటి మనవరకు వచ్చినవి.

వ్యయమెంత యగునని అడుగువారికి చిన్న లెక్క చెప్పెదము. పుస్తకమొకటికి 20 మెగాబైట్లనుకొందము. 20,000 పుస్తకములకు 400 గిగాబైట్లు. నేడు అరచేతిలో నిమిడెడు డిస్కు ఒకటి ఇంతకు రెట్టింపు మోయగలదు. మూలఛాయాచిత్రములనే దాచదలచినచో ఇందుకు పలురెట్లు కావలసివచ్చును. అదియు ఒక్క బీరువాను మించదు. సభామంటపమునకు పూలదండలు కొన్న సొమ్ముతో డిస్కులు కొనవచ్చునన్నచో అతిశయోక్తి కాదు.

కష్టము కొనుటయందు లేదు, కాచుటయందున్నది. మనవారికి ప్రారంభోత్సవములపై మక్కువ మెండు. రిబ్బను కత్తిరించిన మర్నాడు గదికి తాళము వేయుదురు. ప్రతిబింబ భాండారమునకు ఇంతకన్న హాని వేరొకటి లేదు. మూలము ముందునకు సాగిపోవ, ప్రతి యెన్నటిదో పాతదై నిలిచియుండును. చదువరి దానినే నిజమనుకొనును. అందుచే కడపట ఎన్నడు సరిచూడబడినదో ఆ తేదీని మొదటిపుట పైననే కనబరుపవలెను. ప్రతి పుస్తకమునకు చెక్‌సమ్ అను గుర్తుసంఖ్యను గణించి యుంచుకొని, నెలకొకమారు మరల గణించి పోల్చవలెను. డిస్కుపై ఒక్క యక్షరము చెడినను ఆ సంఖ్య మారిపోవును.

ఇంకొక యపాయము గలదు. దానిని తెలిసినవారును మరచుచుందురు. అద్దమునెదుట నిలిచినవాడు తొలగినచో అద్దములోని బొమ్మయు తొలగును గదా! మూలమున తుడిచివేసినదెల్ల ప్రతియందును తుడిచివేయుమని ఆర్‌సింకునకు ఆజ్ఞ యిచ్చి యున్నచో, 2017 వంటి దినము మరల వచ్చిన రాత్రి మన ప్రతియు మూలమువలెనే శూన్యమగును. సాఫ్ట్‌వేరు మిర్రరులకు ఆ యాజ్ఞ తగును, పాతది వారికి బరువు గనుక. పుస్తకములకు తగదు. మనకు కావలసినది అద్దపు నమ్మకమును, కరణముగారి దస్త్రపు జ్ఞాపకమును. వచ్చినదానిని చేర్చుకొనవలెను, పోయినదానిని మాత్రము మనుష్యుడొకడు చూచి, కారణము వ్రాసినగాని పోనీయరాదు.

కాపీహక్కుల మాటను దాచము. ఆ చిక్కువలననే మొదటి ద్వారము మూతపడినది. మనదేశపు చట్టము చొప్పున రచయిత గతించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు గడచిన పిదప గ్రంథము ప్రజలదగును. 1915లో గతించిన గురజాడవారు, 1919లో గతించిన కందుకూరివారు, 1940లో గతించిన గిడుగువారు ఎన్నడో మనవారందరి సొత్తైరి. మొదట వీరితోను, వీరి సమకాలికులతోను ఆరంభింతము. తక్కిన గ్రంథములను దాచియుంచి, గడువు తీరిన ప్రతి జనవరి 1వ తేదీన కొన్నికొన్ని విడుదల చేయవచ్చును.

విశాఖయే క్షేమమైన స్థానమా యని కొందరు శంకింతురు. శంక న్యాయమైనదే. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను బాంబులు పడినది ఈ పట్టణముపైననే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో ఈ తీరమునే తాకెను. దినములతరబడి దీపములు వెలుగలేదు, టెలిఫోనులు పలుకలేదు. అయితే ఆనాడు మనకు లోపించినది భద్రతయొక్కటే కాదు, సామీప్యము కూడను. బయటి తీగ తెగినచో అమెరికాలోని పుస్తకము మనకు లేనట్లే. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా యొద్ద తీగలు తెగినపుడును, 2025 సెప్టెంబరులో ఎఱ్ఱసముద్రమున తెగినపుడును ఈ దేశపు ఇంటర్నెట్టు కుంటువడినది. ఊరి భాండారము, జనరేటరొకటి యున్నంతకాలము, కళాశాల యావరణములోని సొంత తీగలపై పనిచేయును. విశాఖప్రతికి తుపాను భయమున్నచో, కడపలో బ్రౌను గ్రంథాలయమునందు జంటప్రతి యుండనిండు. ఒకటి సముద్రపుటొడ్డున, ఒకటి మెట్టనేలపై. రెంటిని ఒక్క విపత్తు తాకుట యరుదు.

ఈ భారమును ఆంధ్రవిశ్వకళాపరిషత్తు తలదాల్పవలయునని మా కోరిక. 1926లో తెలుగువారికై పుట్టిన ఆ సంస్థకు వాల్తేరు మిట్టపై డాక్టరు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయమున్నది, కంప్యూటరు శాస్త్రశాఖయు నున్నది. ఒక్క గది, రెండు సర్వరులు, ముఖ్యముగా జీతము నిర్ణయించిన యిద్దరు ఉద్యోగులు చాలుదురు. స్వచ్ఛందసేవకుల యుత్సాహమును మేము తక్కువ చేయము, గాని ఉత్సాహము పరీక్షల కాలమున సెలవు తీసికొనును. డిస్కులు చెడుటకు సెలవు లేదు. పరిషత్తు మీనమేషములు లెక్కించినచో పట్టణపు వర్తకులైనను ముందుకు రావలెను. ప్రభుత్వమువారు డేటా కేంద్రములకు భూమి, విద్యుత్తు సమకూర్చునపుడు ఈ భాండారమునకు ఉచితముగా నొక అరను, తీగపై కొంత చోటును విడువుమని యడుగుటలో తప్పేమి? రేవు కట్టిననాడు పల్లెకారుల పడవలకు చోటు విడువుమని యడుగుట ఎట్టి న్యాయమో ఇదియు అట్టిదే.

నెలకొల్పిన పిదప ఏటేట అక్టోబరు 12వ తేదీన, హుద్‌హుద్ వచ్చిన దినమున, పరీక్ష యొకటి జరుపవలెనని మా సూచన. ఉదయమున బయటి తీగను ఊడదీయవలెను. విద్యార్థి నొకనిని పిలిచి, పట్టికనుండి తనకు తోచిన పది పుస్తకములను ఎంచుకొమ్మనవలెను. ఎన్ని తెరచుకొన్నవో, ఎన్ని తెరచుకొనలేదో ఆ సాయంకాలమే గ్రంథాలయపు గుమ్మముపై వ్రాసి పెట్టవలెను. ఆ సంఖ్యను మేము ఈ పుటయందు ప్రకటింతుము.