ఎవరి ఆకు ఎక్కడ వేశారు?

పెద్ద హోటళ్ళ గురించి రాసేవాళ్ళు ఈమధ్య ఒక మాట తరచుగా అంటున్నారు. భోజనం గుర్తుండిపోయేది రుచివల్ల మాత్రమే కాదట. వెలుతురు, కుర్చీ, బల్లమీద గుడ్డ, వడ్డించేవాడి నవ్వు, రెండోసారి వెళితే పేరుపెట్టి పలకరించడం, ఇవన్నీ కావాలట. చదివితే నవ్వొచ్చింది. ఈ సంగతి మా ఆలమూరు పేటలో పలకా బలపం ఎరగని ముసలమ్మయినా చెబుతుంది. కాకపోతే ఆమెకి గుర్తుండిపోయిన భోజనాలు వేరు.

మా అయ్య పాలేరు. కామందుగారింట్లో పెళ్ళికి నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. పొద్దుగూకేదాకా గాడిపొయ్యికి పుల్లలు మోశాం. పందిట్లో బంతిమీద బంతి లేస్తోంది. పనసపొట్టు కూర, పులిహోర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు. గోదారి జిల్లా పెళ్ళంటే మాటలా! "ఇంకో బూరె వేయించుకోండి, మొహమాటపడకండి" అని కొసరి కొసరి వడ్డిస్తున్నారు. మా వంతు లైట్లు తీసేశాక వచ్చింది. పశువులపాక వెనక, కొబ్బరిచెట్ల కింద, ఎవరి ఆకు వాళ్ళే కోసుకుని కూర్చున్నాం. వడ్డించేవాడు వంగలేదు. నిలబడే విదిలించాడు. బూరె ఆకులో పడక నా మోకాలికి తగిలి మట్టిలోకి దొర్లింది. మా అయ్య దాన్ని తీసి, ఊది, పంచెకి తుడిచి, నా ఆకులో పెట్టి "తినరా, బాగుంటది" అన్నాడు. నిజంగానే బాగుంది. పందిట్లో వాళ్ళు తిన్న బూరే అది. అదే పప్పు, అదే బెల్లం. యాభై ఏళ్ళు కావస్తున్నా బూరె చూస్తే నాకు మోకాలు గుర్తొస్తుందేం?

టీకొట్టులో పేటవాళ్ళ గ్లాసులు చూరులో దోపి ఉండేవి. తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. టీ పైనించి పోసేవాడు. డబ్బులు చేత్తో అందుకోడు, బల్లమీద పెట్టమంటాడు. వెంటనే ఆ బల్లమీంచే తీసి గల్లాలో వేసుకుంటాడు. పావలాకి మైల అంటదు గావాల! 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళ పేరెత్తి మరీ రాసింది. 1955 చట్టం నాలుగో సెక్షన్లో హోటల్లో వాడే గిన్నెల సంగతి కూడా ఉంది. అదంతా నేను కాలేజీకెళ్ళాక చదివాను. చూరులో గ్లాసుకి ఎవరూ చదివి వినిపించలేదు.

పేరు గుర్తుపెట్టుకోవడం మర్యాద అంటున్నారే, మా ఊళ్ళో మా పేర్లు అందరికీ గుర్తే. ఎవరి కొడుకువో తెలియబట్టే ఏ గ్లాసో తేలేది. 1985లో, కారంచేడు జరిగిన ఏడాది, చదువుకోసం రాజమండ్రి వెళ్ళాను. ఒక మెస్సులో మొదటిసారి బల్లముందు కూర్చున్నాను. సర్వరు స్టీలు గ్లాసు టంగుమని పెట్టి "ఏం కావాలి?" అని విసుక్కున్నాడు. ఎంత హాయిగా ఉందో! వాడికి నేనెవరో తెలీదు. సాంబారు నీళ్ళలా ఉంది. అంతటి భోజనం నేను మళ్ళీ చెయ్యలేదు. మూడోనెలలో ఎదుటి కుర్చీలో ఆయన "ఆలమూరా? ఊళ్ళో ఎటేపండీ?" అన్నాడు. చెప్పాను. మర్నాటినించి ఆయన వేరే బల్ల చూసుకున్నాడు.

కోనసీమ మర్యాద అనగానే డొక్కా సీతమ్మగారి పేరు చెబుతారు. మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, ఆకలన్నవాళ్ళకి వండిపెట్టిన మనిషి. 1909లో పోయింది. 2024లో బడి భోజనానికి ఆమె పేరు పెట్టారు. ఆ తల్లిని నేను ఒక్క మాట అనను. ఆమె పేరు చెప్పుకుని మర్యాదస్తులైపోతున్నవాళ్ళని అడుగుతున్నాను: మీ ఇంట శుభకార్యంలో మా ఆకు ఎక్కడ వేశారు? కొత్త జిల్లాకి అంబేడ్కర్ పేరు కలుపుతామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. కాయితం మీదే ఆయన పేరు తమ ఊరి పక్కన కూర్చుంటే ఓర్చుకోలేనివాళ్ళు మమ్మల్ని బంతిలో కూర్చోనిస్తారా? ఎన్నికలప్పుడు పేటకొచ్చి మా గడపలో తిని ఫోటో దిగే నాయకులున్నారు. వాళ్ళింట్లో మమ్మల్ని కూర్చోబెట్టిన ఫోటో నేనింకా చూడలేదు. సహపంక్తి భోజనాలతో కులం చావదని అంబేడ్కర్ 1936లోనే రాశాడు.

ఇక మన సంగతి. ఇది రాయకపోతే పైన రాసిందంతా అబద్ధం. 1994లో దండోరా మొదలైనప్పుడు మా మాలల్లో చాలామందికి కోపమొచ్చింది, దళితుల్ని చీలుస్తున్నారని. నాకూ వచ్చింది. ఆ కోపంలో ఉండగానే మా చెల్లి పెళ్ళి. డప్పు కొట్టడానికి మాదిగ గూడెం నించి నలుగురొచ్చారు. ఒకాయన మా అయ్య ఈడువాడు. అప్పటికి నేను సభల్లో ఉపన్యాసాలిస్తున్నవాణ్ణి. బంతులన్నీ లేచాక మా మేనమామ "డప్పులోళ్ళకి అటేపు ఎయ్యండ్రా" అన్నాడు. అటేపంటే పెంటకుప్ప దగ్గర. విన్నాను. చేతిలో పులిహోర బేసిను ఉంది. మాట్లాడకుండా అటేపే వెళ్ళి వడ్డించాను. వంగానా లేదా అన్నది ఎంత తలచుకున్నా నాకు గుర్తు రావడంలేదు. ఆ పెద్దాయనకి గుర్తుండేది. అడుగుదామని ఎన్నోసార్లు గూడెం మలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఆయన పోయాడు.

వచ్చే వేసవిలో మా తమ్ముడి కూతురి పెళ్ళి. డప్పు కొట్టేవాళ్ళు మొదటి బంతిలో, మా ఇంటోళ్ళ పక్కన కూర్చుంటేనే నేను పందిట్లో అడుగుపెడతానని చెప్పాను. మా బావలు ఇంకా ఏమీ తేల్చలేదు.